రాత మెదడులో ఒక్కచోటే ఉంటుందా? ఏ లెక్క మేలు?

పక్షవాతం వచ్చినవాళ్లకు మాట, రాత మళ్లీ అలవాటు చేయించే పని నాది. అమలాపురం చుట్టుపక్కల ఏ ఇంటికెళ్లినా ఇదే అడుగుతారు: “స్కానింగులో ఎడంపక్క దెబ్బతిందన్నారండి. రాత అక్కడే ఉంటుందాండి? ఇక పోయినట్టేనా?”

ఒక్కో పనికి ఒక్కో చోటు అనే లెక్కను తీసిపారేయలేం. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా చూసిన రోగి ‘టాన్’ తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. చనిపోయాక చూస్తే మెదడు ఎడమ ముందుభాగం చెడి ఉంది. దెబ్బ ఎక్కడ తగిలిందో అంచనా వేయడానికి ఏ పనికి ఏ చోటో చూపే ఆ పటం డాక్టర్లకు ఇప్పటికీ అక్కరకొస్తుంది. మెదడు ఎంత పోతే అంత నష్టం, చోటుతో పనిలేదన్న అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ వాదం ఎలుకల మీద ప్రయోగాల్లో పుట్టింది. దాన్ని పక్కన పెట్టేద్దాం.

నా మొగ్గు అలెగ్జాండర్ లూరియా వైపే. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సోవియట్ సైనికులకు వైద్యం చేసినాయన. ఆయన లెక్కలో రాత ఒకచోట దాచిన సరుకు కాదు, చాలా చోట్లు తలో చెయ్యి వేస్తేనే సాగే పని. శివారు చేనుకు నీరందకపోతే ధవళేశ్వరం నుంచి పంటబోదె దాకా ఎక్కడ అడ్డుపడిందో వెతుకుతాం కదా, ఇదీ అంతే.

‘బడి’ చెబితే ‘పడి’ రాశారనుకోండి, దగ్గరి ధ్వనులు విడిగా అందట్లేదేమో, కణతవైపు చూడాలి. వత్తు ఎక్కడో పడి, అక్షరం తిరగబడితే అనుమానం వెనకభాగం మీద. సున్న చుట్టడం మొదలెట్టి ఆపలేకపోతే ముందుభాగం. బయటికి మూడూ ‘రాయలేకపోవడమే’, సాధన మాత్రం వేరు. మొదటి రకం వాళ్లకు గొంతు మీద వేలు పెట్టించి బ, ప తేడా పట్టిస్తాను. అంతకుముందు కొబ్బరి దింపు లెక్కలు రాసుకున్న పాత నోటుబుక్కు అడిగి చూస్తాను. కొందరు మొదట్నుంచీ అలాగే రాసేవారు మరి!

రాయాలంటే ముందు మనిషి మెలకువగా ఉండాలి కదా. అయితే స్పృహ ఎలా పుడుతుందన్నది ఇంకా తేలలేదు. సమాచారం మెదడంతా చాటింపు అయితేనే స్పృహ అని ఒక సిద్ధాంతం, వెనకభాగంలో విడదీయరానంతగా అల్లుకుంటేనే అని మరొకటి. 256 మందిపై రెండింటినీ పోటీపెట్టి పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. రెండింటికీ దెబ్బలు తగిలాయి. అందుకే ఆ గొడవలోకి పోను. లూరియా మెదడు పనిని మూడు అంచెలుగా చూశాడు, ఇంటివాళ్లకు నేను చెప్పేది అందులో మొదటి అంచె గురించే: మెదడు కాండం దగ్గర్నుంచి మెలకువను నిలబెట్టే భాగం. మనిషి మగతగా ఉన్న పూట పలక చేతికివ్వకండి.