కృత్రిమ కాలితో దూరం పరిగెత్తేటప్పుడు లైనర్‌లో చెమట: నేను వాడి చూసినవి

ముందు నా సంగతి చెప్పేస్తాను, దీంట్లో మీకు పనికొచ్చేదేదో మీరే తేల్చుకోవచ్చు. నాకు కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. పరుగుకి బ్లేడ్ (వంపు తిరిగిన కార్బన్ పాదం) వాడతాను. మిగిలిన కాలి మొదలుకి, అంటే స్టంప్‌కి, ముందు లైనర్ అనే మెత్తటి తొడుగు, దాని మీద సాకెట్ అనే గట్టి గిన్నె, సాకెట్ కింద బ్లేడ్. మొదట్లో పిన్ లాక్ ఉండేది, అంటే లైనర్ అడుగున ఉన్న పిన్ క్లిక్ క్లిక్‌మంటూ సాకెట్‌లోకి దిగి పట్టుకుంటుంది. తర్వాత స్లీవ్, వాల్వ్ ఉన్న సక్షన్‌కి మారాను, దీంట్లో వాల్వ్ గాలిని బయటికి పంపుతుంది, సాకెట్ పైనుంచి తొడ దాకా వేసే స్లీవ్ గాలి మళ్లీ దూరకుండా మూస్తుంది. ఎక్కువగా హాఫ్ మారథాన్లు, అప్పుడప్పుడు ఫుల్. చెమట నాకు మామూలుగానే ఎక్కువ. మోకాలి పైనుంచి కాలు లేనివాళ్లకి సాకెట్ తీరు వేరు, కాబట్టి ఇక్కడ రాసినవన్నీ వాళ్లకి ఇలాగే వర్తించవు.

లైనర్ సిలికాన్‌దైనా జెల్‌దైనా గాలి ఆడదు. దాని మీద కార్బన్ సాకెట్. చెమట పడుతుంది గానీ ఆరే దారి లేదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! చల్లబడదు కాబట్టి ఇంకా పడుతుంది. కాలు కొంత పోయిందంటే వేడిని బయటికి పంపే చర్మం కూడా ఆ మేరకు తగ్గినట్టే, ఆ పని మిగిలిన ఒంటి మీద పడుతుంది. కాసేపు ఆగితే లోపల చల్లబడుతుందని అనుకుంటాం. కాలు తొడుక్కుని ఎంతసేపు కూర్చున్నా లోపలి వేడి ఎక్కినంత తొందరగా దిగదు.

అలాంటప్పుడు లైనరే మానేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. 1980లో ఒక కాలు తీసేసిన టెర్రీ ఫాక్స్ కృత్రిమ కాలితో కెనడాలో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తినప్పుడు ఇలాంటి సిలికాన్ లైనర్లు లేవు. ఆయన స్టంప్ ఎన్ని పుండ్లు, పొక్కులు, రక్తం చూసిందో అందరికీ తెలిసిందే. ఐస్‌లాండ్‌కి చెందిన ఓసర్ క్రిస్టిన్సన్ సిలికాన్ లైనర్‌ని తెచ్చాక చర్మానికి ఒరిపిడి తగ్గింది, కాలికి పట్టు దొరికింది. ఆ పట్టు వదులుకుని దూరం పరిగెత్తలేం. చెమట ఆ పట్టుతో పాటు వచ్చేదే, దాన్ని పూర్తిగా ఆపే వస్తువు నాకింతవరకూ దొరకలేదు. తగ్గించేవి ఉన్నాయి, మిగిలినదాన్ని దారిలో తుడుచుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది అల్యూమినియం క్లోరైడ్ ఉన్న యాంటీపర్స్పిరెంట్‌తో. మామూలు డియోడరెంట్ కాదు, అది వాసనకి మాత్రమే. నేను వాడేది 20 శాతం ద్రావణం. డెర్మటాలజిస్టుని అడిగే మొదలుపెట్టాను. దీన్ని రాత్రి పడుకునే ముందు రాయాలి. నిద్రలో చెమట తక్కువ కాబట్టి మందు స్వేదగ్రంథుల నాళాల్లోకి దిగి అక్కడ అడ్డుకడుతుంది. పొద్దున కడిగేసి, ఆరాకే లైనర్. చర్మం మీద ఏ కాస్త తడి ఉన్నా మంట పుడుతుంది, ఎందుకంటే నీటితో కలిస్తే అది ఆమ్లం అవుతుంది. స్నానం అయ్యాక బాగా తుడుచుకుని, ఇంకాసేపు ఆరనిచ్చి అప్పుడు రాస్తాను. గీసుకుపోయిన చోట, షేవ్ చేసిన రోజున అస్సలు వద్దు. మొదట వరసగా కొన్ని రాత్రులు రాయాలి, తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఫలితం? చెమట ఆగలేదు. కానీ స్టంప్ జారడం మొదలయ్యే దూరం బాగా వెనక్కి జరిగింది. ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చినవాటిలో ఇదే నాకు మొదటిది.

బొటాక్స్ ఇంజెక్షన్లు నేను తీసుకోలేదు. స్టంప్ చుట్టూ చాలా చోట్ల గుచ్చాలి, కొన్ని నెలలకి ప్రభావం పోతుంది, మళ్లీ చేయించుకోవాలి. మందు రాసినా ఫలితం లేనివాళ్లు డాక్టర్ని అడగాల్సిన విషయం అది.

తర్వాత లైనర్ లోపల, నేరుగా చర్మం మీద వేసుకునే పల్చటి సాక్. వెండి పోగు కలిపిన బట్ట, నిట్-రైట్ కంపెనీది ఈ రకమే. చెమటని పీల్చి లైనర్ పైఅంచు దాటి బయటికి లాగుతుంది, అక్కడ గాలికి ఆరుతుంది. తడి చర్మం నేరుగా సిలికాన్‌కి తగలదు కాబట్టి చర్మం నానిపోయి తెల్లగా ముడుతలు పడటం బాగా తగ్గింది. కాకపోతే వేసుకోవడంలో ఓపిక కావాలి. ఒక్క మడత ఉన్నా ఆ గీత మీదే పొక్కు లేస్తుంది. కుట్టు స్టంప్ చివర ఎముక మీదికి రాకుండా చూసుకోవాలి. సక్షన్ వాడేవాళ్లకి ఇంకో సంగతి: స్లీవ్ చర్మాన్ని పట్టే చోటు దాకా ఈ సాక్ వస్తే దాని వెంట గాలి లోపలికి దూరి సక్షన్ పోతుంది. నేను అంచుని కొలిచి కిందికి ఉంచుతాను.

వేడిని పీల్చుకునే లైనర్లు ఉన్నాయి, విల్లోవుడ్ వాళ్ల స్మార్ట్‌టెంప్ లాంటివి. నేను వాడింది వేరే కంపెనీది. అందులో కలిపిన పదార్థం కరుగుతూ వేడి తీసుకుంటుంది, చల్లబడ్డాక మళ్లీ గడ్డకడుతుంది. ఆఫీసుకి, బజారుకి హాయిగా ఉంటుంది. పరుగులో వేడి ఆగకుండా పుడుతూనే ఉంటుంది, ఉన్నదంతా కరిగిపోయాక అది మామూలు లైనరే. పది కిలోమీటర్ల లోపు పరిగెత్తేవాళ్లు చూడొచ్చు, హాఫ్‌కి మాత్రం నేను చెప్పను.

సన్నటి రంధ్రాలున్న లైనర్ మీద నాకు ఎక్కువ ఆశ ఉండేది. బ్లాచ్‌ఫర్డ్ సిల్‌కేర్ బ్రీత్ ఆ తరహాదే, నాది ఇంకో తయారీ. చెమట చర్మం మీద నిలవకుండా రంధ్రాల్లోంచి సాకెట్‌లోకి దిగుతుంది. మాట నిజమే, చర్మం తేడాగా కనిపిస్తుంది. అయితే సాకెట్‌లోకి దిగిన నీరు ఎటు పోవాలి? అడుగున బయటికి తోసే వాల్వ్ ఉంటే ప్రతి అడుగుకీ గాలితో పాటు కాస్త పోతుంది. లేకపోతే సాకెట్ అడుగున చేరి, బిగుతు కోసం లైనర్ మీద వేసిన సాక్‌లన్నీ నానిపోతాయి. ఇది కొనేముందు మీ సాకెట్‌లో నీరు పోయే దారి ఉందో లేదో ప్రోస్తెటిస్ట్‌ని (కృత్రిమ కాలు అమర్చే నిపుణుణ్ని) అడగండి. రంధ్రాల్లో చర్మపు జిడ్డు పేరుకుంటుంది, రోజూ కడగాలి. నాకు అమ్మినవాళ్లు ఈ రెండు ముక్కలూ చెప్పలేదు, ఆ కోపం నాకింకా ఉంది. లైనర్ అంటే మాలాంటివాళ్లకి చిన్న ఖర్చు కాదు.

ఇన్ని చేసినా దూరం పరుగులో ఆగక తప్పదు. ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడమే అసలు పని. పిన్ ఉన్నప్పుడు చూశాను, పిన్ సాకెట్‌లో గట్టిగానే ఉంటుంది, లైనర్ దాన్ని పట్టుకునే ఉంటుంది, జారేది లైనర్‌లోంచి స్టంప్. కాలు ముందుకి ఊపినప్పుడు బ్లేడ్ బరువు స్టంప్ చివరి చర్మాన్ని కిందికి లాగుతుంది. కాలు పొడుగైనట్టు అనిపిస్తుంది, బ్లేడ్ కొస నేలకి రాసుకుంటుంది. లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు. అది వినిపించిన దగ్గర ఆగితే ఇంకా బాగానే ఉన్నట్టు. ఇంకో కిలోమీటరు లాగుదాం అనుకుంటే పొక్కు ఖాయం.

వదులు చెమట వల్లా, లేక స్టంప్ సన్నబడటం వల్లా అన్నది కూడా తేల్చుకోవాలి. పరిగెత్తేకొద్దీ స్టంప్ కాస్త తగ్గడం మామూలే. పిన్ వాడేవాళ్లకి సులువు: ఆగి బరువు వేసినప్పుడు ఇదివరకటి కన్నా ఎక్కువ క్లిక్‌లు వస్తే స్టంప్ సన్నబడి లోతుకి దిగినట్టు, దానికి లైనర్ పైన ఇంకో పల్చటి సాక్ వేస్తే సరి. క్లిక్‌లు అన్నే ఉండి లోపల జారుతుంటే చెమట. చెమటకి సాక్‌లు పెంచితే బిగుతే పెరుగుతుంది, జారడం ఆగదు.

ఆగినప్పుడు చేసేది: కూర్చుని కాలు తీసి, లైనర్‌ని లోపలిది బయటికి తిప్పి పొడి గుడ్డతో తుడుస్తాను. స్టంప్ తుడిచి వెంటనే తొడుక్కోను. వేడి చర్మం మీద తొడిగితే మళ్లీ నిమిషంలో తడే. గాలికి కాసేపు వదిలేసి, తాకి చూస్తే చల్లగా అనిపించాక కొత్త సాక్ వేసి లైనర్ చుట్టుకుంటూ వస్తాను. అడుగున గాలి బుడగ మిగలకూడదు, మిగిలితే చెమట అక్కడికే చేరుతుంది, ఆ ఖాళీ చర్మాన్ని పీల్చి ఎర్రబరుస్తుంది. నడుముకి కట్టుకున్న సంచిలో చిన్న తువ్వాలు, పొడి సాక్‌లు, తడివి వేయడానికి జిప్ కవర్ ఉంటాయి. రేసులో పక్కవాళ్లు దాటిపోతుంటే టెన్షన్ వస్తుంది, నిజమే. అందుకే ఆ నిమిషాల్ని ముందే లెక్కలో వేసుకుని పేస్ పెట్టుకుంటాను.

ఇంటికొచ్చాక లైనర్‌ని మైల్డ్ సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా నీళ్లు పోసి, ఎండలో కాకుండా నీడలో స్టాండ్ మీద ఆరేస్తాను. రెండు లైనర్లు మార్చి మార్చి వాడటం మంచిది, రోజు మధ్యలో తడిది మార్చుకోవడానికీ రెండోది ఉంటుంది. పౌడర్ నాకు పడలేదు, చెమటకి ముద్దయి రాపిడి పెంచుతుంది. తర్వాత చిన్న అద్దం పట్టుకుని స్టంప్ వెనకవైపు చూసుకుంటాను. వెంట్రుకల మొదళ్లలో ఎర్రటి చిన్న గుల్లలు ఉంటే మర్నాడు పరుగు మానేసి కాలు వీలైనంత తక్కువసేపు వేసుకుంటాను. చర్మం చిట్లితే అది మానేదాకా యాంటీపర్స్పిరెంట్ లేదు, పరుగూ లేదు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరే.