కూలెంట్ వాసన పోలేదా? సువాసన స్ప్రేకు డబ్బు కట్టే ముందు కార్పెట్ ఎత్తించి చూడండి

హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇవ్వడానికి డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్) మార్పించిన తర్వాత కూడా కారులో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వాసన వస్తూనే ఉంటే, ఆ వాసన పోగొడతామంటూ అడిగే అదనపు డబ్బు దయచేసి చెల్లించకండి. ముందుగా లీకు నిజంగా ఆగిందో లేదో, కార్పెట్ కింద తడి మిగిలిందో లేదో దగ్గరుండి చూడండి. ఈ రెండూ చూడకుండానే నేను బిల్లు కట్టి బండి తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆరు వారాల పాటు అద్దాలు దించుకొని, తలనొప్పితో తిరగవలసి వచ్చింది.

హీటర్ వేసినప్పుడల్లా ముందు అద్దం లోపలివైపు మసకబారడం, తుడిచిన గుడ్డకు నూనెలాంటి జిడ్డు అంటుకోవడం, దానితో పాటు గొంతులో పట్టుకునే తియ్యటి వాసన రావడం చూసి, హీటర్ కోర్ కారుతోందని వర్క్‌షాప్ వారు సరిగానే చెప్పారు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కొత్త కోర్ బిగించారు. బండి అప్పగించిన రోజే వాసన ఉందని చెప్పాను. పనిలో ఒలికిన చుక్కల వాసన అనీ, రెండు రోజుల్లో అదే పోతుందనీ అన్నారు. వారం తర్వాత మళ్ళీ వెళితే లోపల వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే యంత్రం పెట్టాలని చెప్పి వేరే బిల్లు వేశారు. మూడోసారి ఏసీ గాలి వచ్చే రంధ్రాల్లోకి సువాసన స్ప్రే కొట్టి, దానికీ డబ్బు తీసుకున్నారు. ఇన్నిసార్లలో ఒక్కరు కూడా కార్పెట్ అంచు ఎత్తి చూడలేదు.

రెండు రోజుల్లో పోతుందన్న మాట అన్నివేళలా అబద్ధం కాదు. ఇంజిన్ మీదనో సైలెన్సర్ గొట్టం మీదనో ఒలికిన కూలెంట్ ఆ వేడికి ఆవిరైపోతుంది కాబట్టి, కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది. వాసన ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. బయటి గాలి లోపలికి తీసుకునేలా పెట్టినప్పుడు మాత్రమే వాసన వస్తే, అది చాలావరకు బానెట్ కింది నుంచి వస్తున్నట్టు లెక్క, ఎందుకంటే ఆ గాలి ముందు అద్దం అడుగున ఉండే జాలీ గుండా వస్తుంది. లోపలి గాలే తిరిగేలా పెట్టినప్పుడు కూడా వాసన తగ్గకపోతే, కారణం క్యాబిన్‌లోనే ఉన్నట్టు. నా కారులో రెండో విధంగానే జరిగింది.

చివరికి మరొక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన ముందు సీటు విప్పి, కార్పెట్ ఎత్తి, దాని కింద ఉండే మందపాటి ఫోమ్‌ను చేత్తో నొక్కారు. పైన కార్పెట్ పొడిగానే ఉంది, కానీ ఆయన వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చని ద్రవం బొటబొటా కారింది. అన్ని వారాలుగా మేము కాళ్ళు పెట్టుకొని కూర్చున్నది దాని మీదే! కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ 197 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ మరగదు, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల ఫోమ్‌లోకి ఇంకిన కూలెంట్ నీళ్ళలా ఎండకు ఆరిపోదు. ఓజోన్ గాని, స్ప్రే గాని ఫోమ్ లోపలి ద్రవాన్ని బయటకు తీయలేవు. ఓజోన్ అయితే ఊపిరితిత్తులకు మంచిది కాదు, రబ్బరు భాగాలను కూడా పాడు చేస్తుంది.

అంతకంటే బాధ కలిగించిన విషయం మరొకటి బయటపడింది. కొత్త కోర్‌కు పైపులు కలిపే చోట పాత ఓ-రింగులనే (లీకు కాకుండా ఆపే రబ్బరు వలయాలు) తిరిగి వేశారు, అవి గట్టిపడిపోయి ఉన్నాయి. ఇంజిన్ వేడెక్కి ఒత్తిడి పెరిగినప్పుడల్లా అక్కడి నుంచి ఒక్కో చుక్క ఫోమ్‌లోకి దిగుతూ వచ్చింది. బండి అప్పగించే ముందు ప్రెషర్ టెస్ట్ చేసి ఉంటే ఇది ఆ రోజే తెలిసేది. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత కూలెంట్ పోసే చోట ఉండే మూత తీసి, అక్కడ మీటరు ఉన్న చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు (చాలా కార్లలో ఇది 0.9 నుంచి 1.1 బార్ వరకు ఉంటుంది) గాలి ఎక్కించి, మీటరు ముల్లు దిగుతోందా అని పదిహేను, ఇరవై నిమిషాల పాటు గమనిస్తే చాలు. ఈ పరీక్షను మీ కళ్ళ ముందే చేయమని అడగండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ఎవరినీ తీయనివ్వకండి, ఒళ్ళు కాలుతుంది.

శుభ్రం చేయడంలో పెద్ద రహస్యమేమీ లేదు. గ్లైకాల్ నీటిలో పూర్తిగా కరుగుతుంది కాబట్టి, లీకు ఆగిందని తేలిన తర్వాత గోరువెచ్చని నీళ్ళు పోసి, తడిని పీల్చే వాక్యూమ్‌తో లాగివేయాలి. లాగిన నీళ్ళలో రంగు, జిగురు కనిపించకుండా పోయే వరకు మళ్ళీ మళ్ళీ చేయాలి. నా కారు ఫోమ్‌ను బయటకు తీసి నాలుగుసార్లు కడగవలసి వచ్చింది, బాగా నానిపోయిన ఒక ముక్కను పారేసి కొత్తది వేయించాను. క్యాబిన్ ఫిల్టర్ మార్పించి, అద్దాల లోపలి జిడ్డు తుడిపించిన తర్వాతే వాసన పూర్తిగా పోయింది. ఈ పని చేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉన్నా కడుపులోకి వెళితే ప్రాణాంతకమైన విషం కాబట్టి, పిండిన నీళ్ళను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందుబాటులో వదిలివేయకండి.

మొదటి వర్క్‌షాప్ వారిని ఓజోన్‌కూ, స్ప్రేకూ తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వమని అడిగాను. వాసనకు తమ పనితో సంబంధం లేదని బదులిచ్చారు. బిల్లులో కోర్ మార్చినట్టు ఉందే తప్ప, ఓ-రింగుల గురించి గాని, ప్రెషర్ టెస్ట్ గురించి గాని ఒక్క ముక్క కూడా రాసి లేదు. అందువల్ల నా వాదనకు ఆధారం లేకుండా పోయింది. మీరు డబ్బు కట్టే ముందే కొత్త ఓ-రింగులు వేసినట్టు, ప్రెషర్ టెస్ట్ చేసినట్టు, కార్పెట్ కింది ఫోమ్ పొడిగా ఉన్నట్టు బిల్లు మీద రాయించుకోండి. విప్పిన పాత కోర్‌ను, పాత ఓ-రింగులను కూడా అడిగి తీసుకోండి.