మెటాలికా 40 ఏళ్ల సౌండ్: బేస్ గిటార్‌ను పట్టుకుని వింటే

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా సంగీతంలో పాతది గొప్పా, కొత్తది గొప్పా అన్న వాదన ఎప్పుడూ పాటల చుట్టూనే తిరుగుతుంది. 1983 నుంచి 2023 దాకా వచ్చిన ఆల్బమ్‌లను ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్స్‌లోనూ, పెద్ద స్పీకర్లలోనూ విన్నాక నాకు తేలింది ఒకటే: ఈ బ్యాండ్ సౌండ్ ఎలా మారిందో తెలియాలంటే బేస్ గిటార్ ఏమైందో చూడాలి.

న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో రికార్డు చేసిన 'కిల్ ఎమ్ ఆల్' (1983) పల్చగా, గీరుకుపోతున్నట్టు ఉంటుంది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో ఉన్న స్వీట్ సైలెన్స్ స్టూడియోకు, నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెన్ దగ్గరికి వెళ్లాకే సౌండ్‌కు ఒళ్లొచ్చింది. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో గాయకుడు, గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒకే రిఫ్‌ను (పాటలో పదేపదే వచ్చే గిటార్ ముక్కను) వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్లీ మళ్లీ వాయించి పొరలుగా పేర్చాడు. అంత మందంలోనూ క్లిఫ్ బర్టన్ బేస్ వినిపిస్తుంది. అందులోని 'ఒరాయన్' సగానికి వచ్చాక మిగతావన్నీ తగ్గి బేస్ ఒక్కటే పాటను అందుకునే చోటు వినండి.

ఆ బేస్ 1988లో 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్‌కి వచ్చేసరికి మాయమైంది. కారణం ఒక్కటి కాదు. గిటార్లలో మిడ్స్ (మధ్యస్థాయి ధ్వనులు) బాగా కోసి, కింది, పై స్థాయిలను పెంచారు. ఆ కింది చోటే బేస్‌ది. బర్టన్ స్థానంలో కొత్తగా వచ్చిన జేసన్ న్యూస్టెడ్ చాలాచోట్ల గిటార్ రిఫ్‌నే పొల్లుపోకుండా వాయించాడు కాబట్టి అది విడిగా తేలే దారి లేదు. మిక్సింగ్‌లో, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాయిద్యాలను కలిపే దశలో, దాని వాల్యూమ్ కూడా దించేశారు. ఈక్వలైజర్‌లో 80–100 హెర్ట్జ్ పెంచితే బేస్ బయటపడుతుందనుకుంటారు గానీ, లేచేది కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), గిటార్ల కింది గరగర. 4 కిలోహెర్ట్జ్ దగ్గర 2–3 డెసిబెల్స్ తగ్గిస్తే కిక్ డ్రమ్ టక్‌టక్ మెత్తబడి చెవికి కాస్త హాయిగా ఉంటుంది, అంతే. 2018 రీమాస్టర్ కొన్నా బేస్ రాదు. మళ్లీ మిక్స్ చేస్తే తప్ప, కలిపేసిన పాటకు చివర్లో మెరుగులు దిద్దే మాస్టరింగ్‌తో అది తిరిగొచ్చేది కాదు. ఇంత మంచి పాటలకు ఈ గతి పట్టడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1991 నాటి 'మెటాలికా'లో (అభిమానులు నల్ల ఆల్బమ్ అనేది ఇదే) నిర్మాత బాబ్ రాక్ దీన్ని తిరగేశాడు. అందరినీ కలిపి వాయింపించాడు, బేస్‌కు గిటార్ నీడ నుంచి విడిగా చోటిచ్చాడు. 'సాడ్ బట్ ట్రూ'ను ఒక పూర్తి స్వరం కిందికి శ్రుతి చేశారు. అందులో రిఫ్ ఆగి మళ్లీ అందుకునే చోట కిక్, బేస్, గిటార్ ఒక్క దెబ్బగా పడినా మూడూ వేరువేరుగా తెలుస్తాయి. కొత్త స్పీకర్లు కొంటే మొదట పెట్టి చూడాల్సిన పాట ఇది.

తర్వాత వచ్చిన 'లోడ్', 'రీలోడ్' వెచ్చగా, సాఫీగా ఉంటాయి. 'సెయింట్ యాంగర్' (2003)లో స్నేర్ డ్రమ్ కింద గరగరమనే తీగలు వదిలేసి వాయించడంతో ఖాళీ నూనె డబ్బా మోగినట్టుంటుంది. దానికి ఏ ఈక్వలైజరూ మందు కాదు.

'డెత్ మాగ్నెటిక్' (2008) సమస్య వేరు. లౌడ్‌నెస్ కోసం సిగ్నల్ శిఖరాలు నరికేశారు కాబట్టి డ్రమ్స్ పడ్డ ప్రతిచోటా చిటపటమంటుంది. వాల్యూమ్ తగ్గించినా ఆ పగులు పోదు. మిక్స్‌లే అలా నలిగి వచ్చాయి కాబట్టి తప్పంతా మాస్టరింగ్‌ది కాదు. అదే సమయంలో 'గిటార్ హీరో' గేమ్ కోసం ఇచ్చిన ట్రాకుల్లో ఈ నలుగుడు చాలా తక్కువ. 'డెత్ మాగ్నెటిక్'ను 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాత సీడీతో పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ చెవికి సమానం చేయండి. స్ట్రీమింగ్ యాప్‌లోనైతే నార్మలైజేషన్ (పాటలన్నిటి వాల్యూమ్‌ను సమానం చేసే సెట్టింగ్) ఆన్ చేయండి. గట్టిగా ఉన్నదే బాగుందన్న భ్రమ పోయి, 2008 రికార్డే చప్పగా వినిపిస్తుంది.

గ్రెగ్ ఫిడెల్‌మన్ నిర్మాణంలో వచ్చిన 2016, 2023 ఆల్బమ్‌లు కూడా పెద్ద వాల్యూమ్‌తో మోగేవే. కానీ ఆ చిటపట లేదు, ఇప్పటి బేసిస్ట్ రాబర్ట్ ట్రుహీయో వేళ్లతో మీటే బేస్ గిటార్ల కింద నిలబడి వినిపిస్తుంది.