రెండేళ్లు వాడాక: ఇంట్లో హైడ్రోపోనిక్స్ కిట్‌తో నా అనుభవం

మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీళ్లలోనే మొక్కలు పెంచే ఈ కిట్ కొని రెండేళ్లు దాటింది. 20 లీటర్ల ట్యాంకు, 12 నెట్ పాట్లు (మొక్కలు పెట్టే జాలీ కుండీలు), పైన ఎల్ఈడీ ప్యానెల్, దానికో టైమర్, ఎయిర్ పంపు, ఏ, బీ అని రెండు సీసాల ఎరువు, ఈసీ (నీళ్లలో లవణాలు ఎంత కరిగి ఉన్నాయో చెప్పే అంకె), పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) చూసుకోడానికి పెన్నుల్లాంటి రెండు మీటర్లు. కొన్న వారానికే సమీక్ష రాసి ఉంటే ఆ లైటును ఆకాశానికెత్తేదాన్ని. ఇప్పుడు మాత్రం ముందు చెప్పాల్సింది ఈసీ పెన్ను గురించే.

మాన్యువల్‌లో ఆకుకూరలన్నిటికీ ఈసీ 1.8 అని ఒకే అంకె ఉంది. నేనూ అదే పట్టుకుని కూర్చున్నా. నీళ్లు తగ్గినప్పుడల్లా అదే గాఢతతో మందు, అంటే ఆ సీసాల ఎరువు, కలిపి పోసేదాన్ని. మూడో వారానికి లెట్యూస్ ఆకుల అంచులు కాలిన కాగితంలా అయ్యాయి, నెట్ పాట్ల చుట్టూ తెల్లటి ఉప్పు పొర కట్టింది. పెన్ను ముంచితే 2.6! జరిగిందేమిటంటే, మొక్కలు నీళ్లు తాగినంత వేగంగా లవణాలు తీసుకోవడం లేదు. నీరు తగ్గేకొద్దీ మిగిలింది చిక్కబడుతోంది, దాంట్లో నేను మళ్లీ మందు పోస్తున్నాను.

అప్పటి నుంచి అంకె కంటే అది ఎటు కదులుతోందో చూస్తున్నా. నీటి మట్టం తగ్గి ఈసీ పెరిగితే ద్రావణం ఘాటెక్కువైనట్టు, ఉత్త నీళ్లు చాలు. రెండూ తగ్గితే మొక్కలకు ఆకలి, మందు వేయాలి. మట్టం తగ్గినా ఈసీ కదలకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే. మొలకలకు 0.8, ఎదిగిన లెట్యూస్‌కు 1.2 నుంచి 1.4 పెడుతున్నా. టమాటాకు 2 దాటాలి కాబట్టి దానికి వేరే బకెట్ పెట్టుకున్నా. ఈసీ ఎంత బాగున్నా రెండు వారాలకోసారి ట్యాంకు ఖాళీ చేస్తాను. నీళ్లలో మొత్తం లవణాలు ఎంతున్నాయో తప్ప, ఏది అయిపోయిందో ఏది పేరుకుపోయిందో ఈ పెన్ను చెప్పదు.

ఇంకో మాట. పెన్నులో పీపీఎం బటన్ (అదే ఈసీని వేరే అంకెగా మార్చి చూపేది) జోలికి పోకండి. ఈసీ 1.4 ఉన్న అదే నీటిని ఒక పెన్ను 700 అంటుంది, ఇంకోటి 980 అంటుంది. రెండూ తప్పు కాదు, లెక్కకట్టే స్కేళ్లు వేరు. ఇది తెలియక ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

ఏ, బీ సీసాల మీద హెచ్చరిక ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. తొందరలో రెండూ ఒకే గ్లాసులో పోస్తే పాలలా విరిగి అడుగున తెల్లటి మడ్డి దిగింది. ఏ సీసాలోని కాల్షియం, బీ సీసాలోని సల్ఫేట్, ఫాస్ఫేట్ గాఢంగా కలిసి గట్టిపడిపోతాయి, ఇక వేళ్లకు అందవు. ముందు ట్యాంకు నిండా నీళ్లు, తర్వాత ఏ, బాగా కలిపాక బీ.

పీహెచ్ పెన్ను ఈ కిట్ మొత్తంలో బలహీనమైన భాగం. దాని కొనను ఆరనివ్వకూడదని నాకు తెలియదు, తుడిచి డబ్బాలో పెట్టేదాన్ని. ఆర్నెల్లకు కొత్త ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. పెన్నేమో 6.1 చూపిస్తోంది. అనుమానమొచ్చి, రంగు మారి పీహెచ్ చెప్పే చుక్కల మందుతో చూస్తే 7 దాటింది. పీహెచ్ అంత ఎక్కినప్పుడు నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. కొత్త పెన్నును స్టోరేజ్ ద్రావణంలోనే ఉంచుతున్నా, నెలకోసారి 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూస్తున్నా.

ఇక లైటు. ప్యానెల్ మంచిదే, రెండేళ్లయినా కంటికి కనిపించేంతగా వెలుగు తగ్గలేదు. కానీ 18 గంటలు వెలిగించమన్న సలహా నాకైతే కలిసిరాలేదు. లెట్యూస్ వేగంగా పెరిగింది నిజమే, లోపలి లేత ఆకుల కొనలు మాత్రం నల్లబడ్డాయి. కాల్షియం నీటితోపాటే పైకి వెళ్తుంది. ముడుచుకుని ఉన్న ఆకుల నుంచి నీరు పెద్దగా ఆవిరి కాదు, అందుకే కాల్షియం అక్కడికి సరిగ్గా చేరదు. మందు పెంచితే తగ్గలేదు. 14 గంటలకు దించి, పక్కన చిన్న ఫ్యాన్ పెట్టాక పోయింది. పాలకూర ఇంకో కథ. 16 గంటల వెలుగులో నాలుగు ఆకులు కూడా కోయకముందే కాడ ఎత్తి పూతకొచ్చేసింది. పగలు పొడవైతే పూసే మొక్క అది. ఇప్పుడు దానికి 11 గంటలే.

గంటలు తగ్గిస్తే పంట తగ్గుతుందని భయపడక్కర్లేదు, ప్యానెల్‌కు డిమ్మర్ ఉంది. 200 మైక్రోమోల్స్‌తో (మొక్కల మీద పడే వెలుగు తీవ్రత కొలత) 16 గంటలు వెలిగించినా, 250తో 13 గంటలు వెలిగించినా రోజు మొత్తానికి ఆకు మీద పడే వెలుగు దాదాపు ఒకటే.

టైమర్‌కు మాత్రం మార్కులు వేయలేను. లోపల బ్యాటరీ లేదు, కరెంటు పోయి వస్తే గంటలు మళ్లీ సున్నా నుంచి లెక్కపెడుతుంది. అర్ధరాత్రి నీళ్లకని లేచి చూస్తే గదంతా తెల్లగా వెలిగిపోతోంది! బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ విడిగా కొనుక్కోండి. ట్యాంకు మూత కూడా వెలుగు లోపలికి వదులుతుంది, నల్ల టేపు అంటించేదాకా నాచు పట్టింది.

ట్యాంకు, లైటు, ఈసీ పెన్ను చూసి మళ్లీ ఇదే కొంటాను. మిగతావి ఎలాగూ మార్చేశాను. ఈ ఉదయం చూస్తే 2 లీటర్లు తగ్గాయి, ఈసీ 1.3 నుంచి 1.4కు ఎక్కింది. ఉత్త నీళ్లే పోశాను.