వేడిలో కాంక్రీటుతో పట్టు: ఎపాక్సీ షీటా, గాడిలో పట్టీయా, సిమెంటు మెష్షా? ఏది మేలు?

పాత దూలాన్నో స్లాబునో ఫైబర్ కాంపోజిట్‌తో, అంటే కార్బన్, గ్లాస్ వంటి పోగులను జిగురులో పొదిగి చేసిన పదార్థంతో, పటిష్ఠం చేయదలచినవారు ముందుగా పోగు బలం ఎంతని అడుగుతారు. వేడి తగిలే చోట అంతకన్నా ముందు అడగవలసింది, ఆ పోగును కాంక్రీటుకు పట్టి ఉంచే పదార్థం ఏమిటని. గాలి సోకని చోట కార్బన్ పోగు 1000 డిగ్రీల సెల్సియస్ దాటినా బలాన్ని నిలుపుకుంటుంది. గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే సాధారణ ఎపాక్సీ జిగురు మాత్రం చాలావరకు 50 నుంచి 80 డిగ్రీల మధ్యనే, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత అనే హద్దు దగ్గర, బిరుసుతనం కోల్పోయి రబ్బరులా మెత్తబడుతుంది.

దూలం అడుగున ఎపాక్సీతో అంటించే ఫైబర్ షీటుకు బరువు తక్కువ, పని సులువు; మామూలు వాతావరణంలో దాని పట్టుకు వంక పెట్టలేము. చల్లగా ఉన్నప్పుడు బలవంతంగా లాగి ఊడదీసిన షీటును తిప్పి చూస్తే వెనుక పలుచని కాంక్రీటు పొర అంటుకుని ఉంటుంది, అంటే జిగురు నిలిచి కాంక్రీటే చిరిగిందన్నమాట. హద్దు దాటిన వేడిలో ఊడిన షీటుకు కాంక్రీటు దాదాపు అంటదు. హద్దుకు దిగువన కొద్దిపాటి వేడి కొన్ని పరీక్షల్లో పట్టును కాస్త పెంచిన మాట కూడా నిజమే, ఎందుకంటే కొంచెం మెత్తబడిన జిగురు ఒత్తిడిని ఎక్కువ పొడవుకు పంచుతుంది. కానీ దాన్ని నమ్ముకుని డిజైన్ చేయడం తగదు. వాడుకలో ఉష్ణోగ్రత ఈ హద్దుకు కనీసం 15 డిగ్రీలు తక్కువలో ఉండాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి ఏసీఐ 440.2ఆర్ మార్గదర్శకం సూచిస్తుంది. నేరుగా ఎండకు కాగే పైకప్పుకో, కొలిమి పక్కనున్న స్తంభానికో 60 డిగ్రీల హద్దున్న జిగురు వాడితే ఇక మిగిలే వెసులుబాటు ఎంత? అగ్నిప్రమాదం సంగతి చెప్పనే అక్కరలేదు: అగ్నిపరీక్షలకు వాడే ఐఎస్‌ఓ 834 ప్రామాణిక మంట 5 నిమిషాలకు 576 డిగ్రీలకు, 30 నిమిషాలకు 842 డిగ్రీలకు చేరుతుంది. అందుకే మంట లెక్కల్లో రక్షణ లేని షీటును లేనట్టే భావించి, అసలు దూలం తన భారాన్ని తానే మోయగలదో లేదో చూస్తారు.

కవర్‌లో, అంటే లోపలి కడ్డీలను కప్పి ఉంచే కాంక్రీటు పొరలో, గాడి కోసి, అందులో ఫైబర్ పట్టీని పెట్టి ఎపాక్సీ నింపే పద్ధతిలో పట్టీ కాంక్రీటు లోపలికి ఒదిగి ఉంటుంది కనుక ఎండవేడికి ఇది షీటు కంటే మేలు. మంటలో ఆ కొద్ది లోతు ఇచ్చేది స్వల్ప గడువే.

ఎపాక్సీని పక్కన పెట్టి, పోగులతో అల్లిన వలను (మెష్‌ను) సిమెంటు మోర్టార్‌లో పొదిగే పద్ధతి వేడి దగ్గర వీటన్నిటినీ మించుతుంది. 2017లో వెలువడిన తులనాత్మక పరీక్షల్లో మోర్టార్ మెష్ 400 డిగ్రీల దాకా తన మొదటి పట్టులో సగటున 85 శాతం నిలుపుకోగా, ఎపాక్సీ షీటు 150 డిగ్రీలకే 83 శాతం కోల్పోయింది. అయితే మోర్టార్ పోగుల కట్ట నడిమధ్యకు పూర్తిగా చొరబడదు. బయటి పోగులు పట్టుబడితే లోపలివి జారిపోతాయి, అందువల్ల అదే బలానికి ఎక్కువ పొరలు వేయవలసి రావచ్చు. మెష్‌కు రెసిన్ (ఎపాక్సీ వంటి జిగురు) పూత పూస్తే జారుడు తగ్గుతుంది గానీ, వేడికి మెత్తబడే ఆ వదిలించుకున్న బలహీనత దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది. మంట భయం ఉన్న చోట నా మొగ్గు పూత లేని మెష్ వైపే. వేడి లేని చోట షీటును కాదనడానికి కారణం లేదు.

కొత్త కట్టడంలో స్టీలుకు బదులు కాంపోజిట్ కడ్డీలు వేసేవారికి లెక్క వేరు. 1999 నాటి పరీక్షల్లో 250 డిగ్రీలకు చేరేసరికి అటువంటి కడ్డీల పట్టు 80 నుంచి 90 శాతం పడిపోగా, స్టీలు కడ్డీల పట్టు 38 శాతమే తగ్గింది, ఎందుకంటే కాంపోజిట్ కడ్డీ మీది గరుకుతనాన్ని పట్టి ఉంచేది కూడా రెసినే. పైగా గ్లాస్ ఫైబర్ కడ్డీ అడ్డంగా కాంక్రీటు కంటే రెండింతలకు పైగా వ్యాకోచిస్తుంది కనుక కవర్ పలుచగా ఉంటే చీలుతుంది. మందమైన కవర్‌తో పాటు, కడ్డీ చివరలను మంట తగలని ఆధారాల మీదుగా తగినంత పొడవున చల్లగా ఉంచగలిగితే, నడుమ పట్టు పోయినా స్లాబు చాలాసేపు నిలబడుతుంది. ఈ ఏర్పాటు డిజైన్ డ్రాయింగుల్లోనే చూపాలి, పోత పోశాక చేయడానికి ఏమీ ఉండదు.