నాలుకను చూపించారు, మాటను వినిపించలేదు: పాదువాలో ఒక అర్ధదినపు యాత్ర

ఇటలీలోని పాదువా నగరంలో పునీత అంతోని వారి సమాధి ఉన్న బసిలికాను, అంటే పెద్ద ఆలయాన్ని, చూపించి సాయంత్రానికి వెనిస్ తిరిగి చేర్చే అర్ధదినపు యాత్ర ఒకదానిని, గత మే నెలలో ఒక మంగళవారం నాడు, మా అమ్మతో కలిసి చేశాను. మనిషికి 59 యూరోలు తీసుకున్నారు. రానూపోనూ రైలు టికెట్టు, ఇంగ్లీషులో వివరించే గైడు, ఆమె మాటలు వినడానికి చెవిలో పెట్టుకునే చిన్న పరికరం ఆ రుసుములోనే కలిసి ఉన్నాయి. నిర్వాహక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. బసిలికాలోకి ప్రవేశం ఉచితమని, వెనిస్ నుంచి పాదువాకు రైలులో అరగంట నుంచి ముప్పావుగంట మాత్రమే పడుతుందని, స్టేషను దగ్గర ట్రాము ఎక్కితే బసిలికాకు నాలుగడుగుల దూరంలోనే దిగవచ్చని ముందుగా చెప్పుకోవాలి. అంటే ఆ 59 యూరోలలో చాలా భాగం మనం చెల్లించేది గైడు చెప్పే కథకే. కాబట్టి ఈ సమీక్షలో నేను ప్రధానంగా తూకం వేయదలచుకున్నది కూడా ఆ కథనే.

మా అమ్మది గుంటూరు జిల్లాలో కతోలికులు ఎక్కువగా ఉండే ఒక పల్లె. గోధుమరంగు అంగీ తొడుక్కుని, ఒక చేతిలో బాలయేసును, మరొక చేతిలో లిల్లీపూల కొమ్మను పట్టుకున్న అంతోని వారి స్వరూపం ముందు ప్రతి మంగళవారం మోకరించి పెరిగిన మనిషి ఆమె. ఈ యాత్రకు మంగళవారమే కావాలని పట్టుబట్టింది కూడా ఆమే. ఆ పట్టుదల చూసి గైడు ఆశ్చర్యపడి కారణం అడగడం నాకు మొదటి నిరాశ కలిగించింది. 1231 జూన్ 13వ తేదీ శుక్రవారం నాడు మరణించిన అంతోని వారిని ఆ తరువాతి మంగళవారం, అంటే 17వ తేదీన, సమాధి చేశారు. మంగళవారపు భక్తికి మూలం అదే. ఈ ఒక్క సంగతి గైడుకు తెలిసి ఉంటే, గుంటూరు పల్లెలోని గుడికీ పాదువాలోని సమాధికీ మధ్య ఉన్న దారం మా అమ్మ చేతికి అక్కడే అంది ఉండేది.

యాత్ర పాతిక నిమిషాలు ఆలస్యంగా మొదలయింది. ఆ కోల్పోయిన సమయాన్ని ఎక్కడో ఒకచోట తగ్గించుకోవలసి ఉండగా, ప్రాతో దెల్లా వల్లే అనే విశాలమైన మైదానంలో, కాలువ ఒడ్డున నిలబెట్టిన 78 విగ్రహాల మధ్య, మమ్మల్ని నలభై నిమిషాలు తిప్పారు. చోటు అందమైనదే, ఎండ కూడా తీవ్రంగా లేదు. అయితే అంతోని వారి పేరు చెప్పి టికెట్టు అమ్మినవారు ముందుగా అటు తీసుకువెళ్ళడం, పెళ్ళికి పిలిచి విడిదింట్లోనే కూర్చోబెట్టినట్టుగా ఉంది. ఈలోగా మా అమ్మ చెవిలోని పరికరం మూగబోయింది. మార్చి ఇవ్వడానికి మరొకటి వారి దగ్గర లేకపోవడంతో, అక్కడి నుంచి గైడు చెప్పినదంతా నేను తెలుగులో చెబుతూ నడిచాను.

బసిలికా ముంగిట మాత్రం గైడు బాగా రాణించింది. గుర్రం మీద కూర్చున్న గత్తమెలాతా అనే సేనాపతి కంచు విగ్రహాన్ని దొనతెల్లో 1453 నాటికి పూర్తి చేసిన తీరు, ఆ పోతపనిలోని కష్టం, గుర్రం పైకెత్తిన డెక్క కింద శిల్పి పెట్టిన గుండు ఎందుకు అవసరమయిందన్న విషయం చక్కగా వివరించింది. లోపల అడుగుపెట్టిన వెంటనే మా అమ్మ నా మోచేయి పట్టుకుని, "మన అంతోని వారి సభోళ్ళు గోధుమరంగు అంగీలో కదరా ఉండాల్సింది, వీళ్ళకి నల్లంగీలేంది?" అని అడిగింది. ఆ ప్రశ్నను గైడుకు చేరవేస్తే, అంతోని వారు చేరిన సభ, అంటే అస్సీసీ ఫ్రాన్సిస్ వారు స్థాపించిన సన్యాసుల సంఘం, కాలక్రమంలో శాఖలుగా చీలిందని, ఈ బసిలికా కన్వెంచువల్ అనే శాఖ సంరక్షణలో ఉందని, వారి అంగీ నలుపు లేదా బూడిద రంగులో ఉంటుందని ఓపికగా చెప్పింది. తెలిసిన విషయం అడిగినప్పుడు ఆమె బాగానే చెప్పగలదు. అడగకపోతే మాత్రం విషయం లోతుల్లోకి వెళ్ళదు.

అంతోని వారి జీవితాన్ని ఆమె నాలుగు వాక్యాలలో ముగించింది: లిస్బన్‌లో పుట్టారు, ఇటలీకి వచ్చారు, గొప్పగా బోధించారు, పోయిన వస్తువులను వెతికి పెడతారు. ఈ నాలుగింటి మధ్య రాలిపోయినదే అసలు జీవితం. 1195 ప్రాంతంలో పుట్టిన ఫెర్నాందో అనే ఆ యువకుడు మొదట అగస్తీను వారి సభలో చేరి, పోర్చుగల్‌లోనే ఉన్న కొయింబ్రా పట్టణంలో స్థిరపడి, పుస్తకాల మధ్య నెమ్మదిగా సాగే జీవితానికి అలవాటుపడ్డాడు. 1220లో మొరాకోలో వేదసాక్షులైన, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన, అయిదుగురు ఫ్రాన్సిస్కన్ సోదరుల భౌతికకాయాలు అదే పట్టణానికి తిరిగి వచ్చినప్పుడు అతని మనసు కుదుట తప్పింది. సభ మార్చుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, తానూ వేదసాక్షి కావాలని మొరాకో వెళ్ళాడు. అక్కడ జబ్బుపడి తిరుగు ప్రయాణం కట్టితే, గాలి ఓడను సిసిలీకి తోసుకుపోయింది. అనుకున్న చావు దొరకలేదు, అనుకున్న రేవు కూడా దొరకలేదు. పోయిన వస్తువులను దొరికించే పునీతుడిగా పేరుపడిన మనిషి తాను కోరుకున్నవన్నీ పోగొట్టుకునే ఇటలీకి చేరాడన్న సంగతిని ఏ గైడైనా ఎలా వదులుకుంటారో నాకు అర్థం కాదు.

ఆ తరువాత ఆయన ఫోర్లీ దగ్గరి మోంతె పావొలో ఆశ్రమంలో, అంట్లు తోముతూ, ఎవరికీ తెలియని సోదరుడిగా గడిపారు. 1222లో ఫోర్లీలో జరిగిన ఒక గురుపట్టాభిషేక (కొత్త గురువులను అభిషేకించే) సందర్భంలో ప్రసంగించడానికి ఎవరూ సిద్ధపడి రాకపోతే, పెద్దలు ఆయనను లేచి మాట్లాడమన్నారు. ఆ రోజు నుంచి ఆయనను ఎవరూ వంటింట్లో ఉండనివ్వలేదు. చదువు అంటే కొంత అనుమానంగా చూసే ఫ్రాన్సిస్ వారు సైతం, ప్రార్థనా స్ఫూర్తిని చదువు ఆర్పివేయకుండా ఉండేటట్లయితే సోదరులకు వేదాంతశాస్త్రం బోధించవచ్చునని ఆయనకు చిన్న ఉత్తరం రాశారు.

సమాధి ఉన్న ప్రార్థనాలయంలో మాకు దొరికింది పది నిమిషాలు. మూడు పక్కలా తొమ్మిది పెద్ద పాలరాతి ఫలకాల మీద అంతోని వారి జీవిత ఘట్టాలు, అద్భుతాలు చెక్కి ఉన్నాయి. గైడు ఆ తొమ్మిదింటినీ చేయి తిప్పి ఒకేసారి చూపించి ముందుకు కదిలింది. వాటిలో తూల్లియో లొంబార్దో చెక్కిన ఒక ఫలకం దగ్గర నేను ఆగిపోయాను. వడ్డీలకు తిప్పి కూడబెట్టిన ఒక లోభి చనిపోయాడు. ధనం ఉన్న చోటే హృదయం ఉంటుందన్న సువార్త మాటను ఎత్తుకుని, అతని గుండె ఒంట్లో లేదని, ఇనప్పెట్టెలో వెతకమని అంతోని వారు చెప్పారు. శవాన్ని కోసి చూస్తే అక్కడ గుండె లేదు, పెట్టెలో నాణేల నడుమ దొరికింది. ఇది కథ. అయితే ఈ కథ పాదువాలోనే ఎందుకు ఇంత బలంగా నిలబడిందో చెప్పే చరిత్ర ఒకటి ఉంది, గైడు ఒక్క మాటైనా ఎత్తనిది కూడా అదే.

ఆ రోజుల్లో పాదువాలో అప్పు తీర్చలేనివాడిని, ఆస్తి ఉన్నా లేకపోయినా, బాకీ తీరేదాకా చెరలో ఉంచేవారు. 1231లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, అంతోని వారు ఆ నగరంలో ప్రతిరోజూ ప్రసంగించారు. గుళ్ళు చాలక పొలాల్లోకి వెళ్ళవలసి వచ్చిందని, ముప్పై వేల మంది దాకా వచ్చేవారని ఆయన మొదటి జీవితచరిత్ర చెబుతుంది. ఆ లెక్కలో భక్తుడి ఉత్సాహం కొంత కలిసి ఉండవచ్చు గాని, ఫలితంలో అతిశయోక్తి లేదు. ఆ మార్చి నెలలోనే నగర పాలకులు ఒక శాసనం చేశారు: ఉన్నదంతా అప్పులవాళ్ళకు అప్పగించిన బాకీదారుడిని గాని, అతనికి హామీ ఉన్నవాడిని గాని ఇకమీదట చెరలో ఉంచరాదు. అంతోని సోదరుని విన్నపం మీదనే దీనిని చేస్తున్నట్టు శాసనంలోనే రాసుకున్నారు.

మన వైపు 'ఐపీ పెట్టడం' అనే మాటకు అర్థం ఎవరికీ చెప్పనక్కరలేదు. పత్తి పోయిన ఏడు మా నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి, ఆ నోటు తిరగరాస్తూ నాలుగేళ్ళు గడిపిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ బిగ్గరగా మాట్లాడరు. ఆ ఫలకం ముందు నిలబడి ఈ శాసనం కథ అమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు ఆ పాలరాతి ఇనప్పెట్టె వైపే చూసి, "ఇన్నేళ్ళూ నేను ఆయన్ని తాళంచేతులు అడిగాను గదరా" అంది. తరువాత సమాధి వెనుక వైపుకు వెళ్ళి, కోట్ల చేతులు తగిలి నున్నబడిన రాయి మీద అరచేయి ఆనించి, కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసి, అందులోని పేర్లు ఒక్కొక్కటే పెదవులు కదుపుతూ చదివింది. అప్పటికే బయటకు వెళ్ళిపోయిన గైడు నా చెవిలోని పరికరంలో మమ్మల్ని రమ్మని పిలుస్తూ ఉంది.

పవిత్ర అవశేషాల ప్రార్థనాలయంలో మాత్రం సంస్థ వారు సమయాన్ని ధారాళంగా ఖర్చుపెట్టారు. 1263లో అవశేషాలను కొత్త ఆలయంలోకి మార్చే సందర్భంలో, ఆనాటి సభాధిపతి బొనవెంతూర వారి సమక్షంలో పెట్టె తెరిచినప్పుడు, శరీరమంతా మట్టిలో కలిసినా నాలుక చెడకుండా ఉందని చెబుతారు. ఆ నాలుక ఇప్పుడు బంగారు పనితనం ఉన్న భరిణెలో కనిపిస్తుంది. పక్కనే కింది దవడ ఎముక ఉన్న మరొక భరిణె. దానిని 1991 అక్టోబరులో ఆయుధాలు పట్టుకుని వచ్చిన దొంగల ముఠా ఎత్తుకుపోతే, డిసెంబరులో దొరికింది. పోయినవి దొరికించే పునీతుడి దవడే పోయి దొరికిందన్న చమత్కారాన్ని గైడు రెండుసార్లు చెప్పింది. రెండోసారి కూడా అందరూ నవ్వారు, నేను కూడా. అయినా ఆ నాలుక ఏం మాట్లాడిందో చెప్పకుండా నాలుకను మాత్రం చూపిస్తే, చూసేవారికి అది ఎండిన మాంసపు ముక్కగానే మిగులుతుంది.

ఆ నాలుక ఓడిపోయిన సందర్భమూ ఉంది. ఎజ్జెలీనో ద రొమానో అనే కర్కశుడైన పాలకుడి చెరలో ఉన్నవారిని విడిపించమని కోరడానికి, అదే 1231లో, ఒళ్ళు బాగాలేకపోయినా అంతోని వారు వెరోనా దాకా వెళ్ళారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. మరికొన్ని వారాలకే, కాంపొసాంపియెరోలో వాల్‌నట్ చెట్టు మీద కట్టించుకున్న చిన్న గది నుంచి దిగివచ్చి కుప్పకూలితే, ఎడ్లబండిలో పాదువాకు తీసుకువస్తూ ఉండగా, నగరం పొలిమేరలోని ఆర్చెల్లాలో కన్నుమూశారు. ఏడాది తిరగకముందే, 1232 మే 30న, తొమ్మిదవ గ్రెగరీ పాపు గారు స్పొలేతోలో ఆయనను పునీతునిగా ప్రకటించారు. శ్రీసభ (కతోలిక సంఘం) పండితుడన్న బిరుదు మాత్రం 1946 దాకా రాలేదు. ఆయన్ను మొదట సమాధి చేసిన చిన్న మరియమ్మ గుడి ఈ బసిలికా కడుపులోనే ఒక ప్రార్థనాలయంగా ఇంకా ఉంది. మా గుంపు దాని ముందు నుంచే నడిచిపోయింది, ఎవరూ తల తిప్పలేదు.

చివర ఒక జ్ఞాపికల దుకాణంలో ముప్పై అయిదు నిమిషాలు ఆపారు. సమాధి దగ్గర పది నిమిషాలు, దుకాణంలో ముప్పై అయిదు. ఈ రెండు అంకెల మీద నేను వ్యాఖ్యానించను. అక్కడ అమ్మ ఒక జపమాల కొనుక్కుంది, నాణ్యత బాగానే ఉంది. గోడ మీద 'అంతోని వారి రొట్టె' అన్న దానం పెట్టె బొమ్మ ఉంటే, దాని వెనుక కథ నేనే చెప్పాను: నీళ్ళలో పడి చనిపోయిన పసివాడి తల్లి, బిడ్డ బతికితే వాడి బరువుకు సరిపడా గోధుమలు పేదలకు ఇస్తానని మొక్కుకుంది. "తులాభారమే గదా" అని అమ్మ వెంటనే అందుకుంది. మన పల్లెల్లోనూ జూన్ 13న పంచే రొట్టెకు ఆ మొక్కే మూలం.

రైలు టికెట్టు తీసుకోవడానికి జంకేవారికి, శిల్పం మీద ఆసక్తి ఉండి పునీతుని జీవితం మీద పెద్దగా లేనివారికి ఈ యాత్ర సరిపోతుంది. అయిదుకు రెండున్నర ఇస్తున్నాను; ఆ అరమార్కు గత్తమెలాతా గుర్రానిది. భక్తితో వెళ్ళేవారు సొంతంగా వెళ్ళండి, భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, ఆ తొమ్మిది ఫలకాల ముందు గంటసేపు నిలబడండి. మరునాడు మేమిద్దరమే పాదువా నుంచి లోకల్ రైలులో కాంపొసాంపియెరో వెళ్ళాము. వాల్‌నట్ చెట్టు ఉన్న చోట ఇప్పుడు చిన్న గుడి ఉంది; లోపల చెట్టు మీద కూర్చుని ప్రసంగిస్తున్న అంతోని వారి పాత చిత్రం, బయట పొలాలు. మేమున్న గంటలో అక్కడికి ఇంకెవరూ రాలేదు. చెడిపోయిన పరికరం గురించి, దుకాణం గురించి సంస్థకు రాసిన ఉత్తరానికి మూడో రోజున జవాబు వచ్చింది: చింతిస్తున్నామని, వెనిస్ పడవ విహారంలో పది శాతం తగ్గింపు ఇస్తామని.