హిస్టెరోస్కోపీ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మా అక్కకు 47 ఏళ్లు. నాలుగు నెలలుగా రక్తస్రావం ఎక్కువగా అవుతుంటే స్కానింగు చేయించాం. గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని తేలింది. విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హిస్టెరోస్కోపీ చేయించుకోమన్నారు. ప్యాకేజీ 18 వేలు. కోత ఉండదు, సన్నటి కెమెరా గొట్టాన్ని గర్భసంచి ముఖద్వారం గుండా పంపి లోపల చూస్తారు, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు అన్నారు. అందులో అబద్ధం లేదు. మంచి పద్ధతే, నా అనుభవం విని భయపడి మానుకోకండి.

అక్క మత్తులో ఉండగా నర్సు బయటికి వచ్చింది. "లోపల పాలిప్ (పొర మీద పెరిగే చిన్న కండ) ఉంది, ఇప్పుడే తీసేయాలి, ఇంకో 22 వేలు కట్టి సంతకం పెట్టండి" అంటూ బావగారి చేతికి కాగితం ఇచ్చింది. ఆ క్షణంలో ఎవరు కాదనగలరు? పాలిప్ కనిపిస్తే అదే మత్తులో తీసేయడం మామూలే, రెండోసారి మత్తు ఇవ్వాల్సిన పని తప్పుతుంది. కానీ పొర మందంగా ఉందని ముందే తెలుసు కదా! పాలిప్ ఉండొచ్చన్న మాటా, అది తీసే ధరా ముందురోజే అక్కకే చెప్పి ఉండాలి. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు మత్తులో ఉన్న మనిషి బదులు బంధువు సంతకం సరిపోదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ల్యాపరోస్కోపీ (పొట్ట మీద చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూడటం) పరీక్షకని వెళ్లి గర్భసంచినే పోగొట్టుకున్న ఒక ఢిల్లీ మహిళ వేసిన కేసు అది.

డబ్బు పోతే పోయింది. రెండు వారాల తర్వాత బయాప్సీ రిపోర్టు అడిగితే "అది ప్యాకేజీలో లేదు, పంపలేదు" అన్నారు. నా కాళ్లు వణికాయి. పాలిప్‌లు చాలావరకు హాని లేనివే. అయితే ఆ మాట ధైర్యంగా చెప్పాలంటే తీసిన ముక్కను ల్యాబులో చూడాల్సిందే. ఆ ముక్క ఇప్పుడు లేదు. కెమెరాలో కనిపించిన దాని ఫొటో ఒక్కటైనా ఇవ్వలేదు.

అమ్మల్లారా, అక్కచెల్లెళ్లారా, ప్యాకేజీ అనగానే ఒప్పుకోకండి. అది చూడటానికి మాత్రమేనా, కనిపించింది తీయడానికి కూడానా అని అడగండి. మత్తు డాక్టరు ఫీజు, బయాప్సీ ఖర్చు అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. తీసిన ముక్క ఏ ల్యాబుకు వెళ్తుందో ముందే తెలుసుకుని, రిపోర్టు చేతికి వచ్చేదాకా వదలకండి. వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది.

మేము రాతపూర్వకంగా అడిగి నేటికి ఆరు రోజులు, జవాబు లేదు. పొర నమూనా మళ్లీ తీయాలని వేరే డాక్టరు గారు చెప్పారు. ఈసారి కాగితాలన్నీ అక్కే చదివి సంతకం చేస్తుంది.